నీదో వాక్యం, నాదో వాక్యం

ఉదయం ఏడున్నరకి వకనా బడికి బయలుదేరే ముందు ఆ ఇంట్లో జరిగే ఆఖరి పని ముద్ర వేయడం. బడివాళ్ళు ఇచ్చిన అట్ట మీద తేదీ, చదివిన పాఠం, గొంతు బాగుందా, తడబడిందా అని వరసగా గళ్ళుంటాయి. పిల్ల రోజూ ఇంట్లో పాఠం పైకి చదవాలి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన కూర్చుని వినాలి. విన్నందుకు గుర్తుగా చివరి గడిలో ఇంటిపేరు ముద్ర కొట్టాలి. ఎనిమిదేళ్ళ వకనా రెండో తరగతికి వచ్చింది. ఇంతవరకు ఒక్క గడీ ఖాళీగా పోలేదు.

"అమ్మా, నిన్నటిది కొట్టలేదు," అంటూ అట్ట పట్టుకుని దుకాణంలోకి వచ్చింది వకనా.

సనాయె అప్పుడే టోఫు దిమ్మల్ని నీళ్ళ తొట్టిలోకి జారవిడుస్తోంది. తెల్లవారకముందే లేచి పనిలో దిగిన మనిషి. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, గళ్ళన్నిటిలో రెండేసి సున్నాలు చుట్టి, ముద్ర కొట్టింది. ఒక సున్నా అంటే బాగుందని, రెండంటే చాలా బాగుందని అర్థం.

పక్కన కూర్చుని వినాలని అట్ట మీద రాసేవాళ్ళకేం, రాస్తారు. సాయంత్రం నాలుగింటికి టోఫు దుకాణంలో కూర్చునే తీరిక ఎవరికుంటుంది? ఆ వేళకి సనాయె నూనె మూకుడు ముందు నిలబడి టోఫు రేకులు వేయిస్తూ ఉంటుంది. వకనా వెనకాల సోయా గింజల బస్తా మీద కూర్చుని గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆగి మరీ వింటారు. "మీ పిల్ల చదువుతుంటే రేడియో పెట్టినట్టుంది సనాయె గారూ," అంటారు. సనాయె వెనక్కి తిరగకుండానే మురిసిపోతుంది. పాపం, తప్పంతా ఆ వెనక్కి తిరగకపోవడంలోనే ఉంది.

"ఇవాళ మధ్యాహ్నం బడికి రావాలి, గుర్తుందా?" అంది వకనా చెప్పులు తొడుక్కుంటూ. పెద్దవాళ్ళు వెళ్ళి తరగతి గది వెనక నిలబడి పిల్లల చదువు చూసే రోజది.

లోపల గిన్నెలు సర్దుతున్న అత్తగారు కినుయె తల బయటికి పెట్టింది. "దుకాణం వదిలి నువ్వెందుకమ్మా. నేను వెళ్ళొస్తాలే."

"ప్రతిసారీ మీరే వెళ్తున్నారు అత్తయ్యా. ఈసారి నేను వెళ్తాను. దుకాణం ఆయన చూసుకుంటారు."

"నీ ఇష్టం. ఆ గదిలో చలి చంపేస్తుంది మరి," అని గొణిగి కినుయె మళ్ళీ గిన్నెల దగ్గరికి పోయింది. ఉత్తర జపాన్‌లోని సకాతాలో నవంబరు నెలలో చలి ఎక్కడ లేదు గనక? సనాయె ఆ మాట పట్టించుకోలేదు.

వకనాకి కథలంటే ప్రాణం. ఆ సంగతి వీధి వీధంతా తెలుసు. బడి నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే నానమ్మ పక్కన చేరుతుంది. అడుగున వేడి ఉండే కొతత్సు బల్ల దుప్పటి కింద ఇద్దరూ కాళ్ళు దాచుకుంటే, కినుయె పుస్తకం తెరుస్తుంది. ఆవిడ చదువుతుంటే ముసలి రాజుకి గొంతు వణుకుతుంది, నక్కకి ముక్కుతో మాటలొస్తాయి. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి దయ్యంలా నవ్విందంటే పక్కింటి కుక్క మొరగాల్సిందే. పనిలో పనిగా బడి పాఠం కూడా రెండుసార్లు చదివి వినిపిస్తుంది. నాలుగింటికి పిల్ల దుకాణంలోకి వెళ్తుంది.

ఆ మధ్యాహ్నం తరగతి గది వెనక పాతికమంది తల్లులు, ఇద్దరు తండ్రులు నిలబడ్డారు. పాఠం కొంగల గురించి. పిల్లలు వరసగా లేచి, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చదవాలి. జపనీస్ రాతలో వాక్యం చివర చుక్కకి బదులు చిన్న సున్నా వస్తుంది కదా, అక్కడ ఆగి కూర్చుంటే తరవాతి పిల్ల అందుకుంటుంది. వకనా వంతు వచ్చింది. గంటలా మోగింది గొంతు. పక్కనున్న తల్లి సనాయె వైపు చూసి తల పంకించింది. సనాయె కాస్త నిటారుగా నిలబడింది.

"బాగుంది. పేజీ తిప్పండి. ఇంకా చెప్పని భాగమే, అయినా ప్రయత్నిద్దాం," అంది అరిమురా టీచర్.

వరస మళ్ళీ తిరిగి వకనా దాకా వచ్చింది. పిల్ల లేచింది. పుస్తకం ఎత్తి పట్టుకుంది. ఏమీ మాట్లాడలేదు. అప్పుడు వకనా పేజీ మీదున్న బొమ్మ వంక చూసి, హాయిగా అందుకుంది.

"కొంగకి చలేసింది. ఒక కాలు పొట్టలో దాచుకుని, రెండో కాలుకి 'కాసేపట్లో నీ వంతు వస్తుంది, ఏడవకు' అని చెప్పింది."

గది గొల్లుమంది. "అలా లేదు టీచర్, కొంగ చేపని పట్టింది అని ఉంది," అన్నాడొక పిల్లాడు. కొందరు తల్లులు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వకనా చెవులు ఎర్రబడ్డాయి. సనాయెకి తల కొట్టేసినట్టయింది. ఎక్కడ చూడాలో తెలియక గోడ మీది పటాలు చూస్తూ నిలబడింది.

తరవాత వరండాలో టీచర్ నెమ్మదిగా చెప్పింది. "పిల్ల బుర్ర చురుకైనదండి. కథ విందంటే ఒక్క ముక్క పోనివ్వదు. అక్షరాలు కూడా విడివిడిగా అడిగితే అన్నీ చెబుతుంది. కానీ వరసగా చదవమంటే మూడో వాక్యానికి అలిసిపోతుంది. అందుకని చదవడం మానేసి, విన్నది గుర్తు పెట్టుకుని చెబుతోంది. నాకూ ఈ నెలలోనే అర్థమైంది. ఇంట్లో మాత్రం రోజూ చక్కగా చదువుతోందని అట్ట మీద ఉంది. మీరు దగ్గర కూర్చునే వింటున్నారు కదా?"

సనాయె నీళ్ళు నమిలింది. "వింటున్నాను," అని మాత్రం అనగలిగింది.

దారిపొడుగునా ఆ మాటే తొలిచేసింది. వింది. విననిదెప్పుడు? ఒక్కసారి వెనక్కి తిరిగి పిల్ల కళ్ళు పుస్తకం మీదున్నాయో, మూకుడు మీదున్నాయో చూసి ఉంటే తెలిసిపోయేది. తన మీద తనకి పుట్టిన కోపం ఇల్లు చేరేసరికి అత్తగారి మీదికి మళ్ళింది. కోపాలు అలాగే మళ్ళుతాయి, దగ్గరున్నవాళ్ళ మీదికి.

వకనాకి టోఫు గిన్నె ఇచ్చి, రెండిళ్ళ అవతలి ముసలమ్మకి ఇచ్చి రమ్మని పంపింది. పిల్ల వెళ్ళగానే లోపలికి వచ్చింది.

"అత్తయ్యా, వకనాకి చదవడం రాదు. మీకు తెలుసా?"

కినుయె అల్లుతున్న మేజోడు పక్కన పెట్టింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. "తెలుసు," అంది.

"ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచి."

సనాయె అక్కడే కూలబడింది. "ఏడాది. ఏడాది నుంచి తెలిసి కూడా నాకొక మాట చెప్పలేదు. నేను రోజూ రెండేసి సున్నాలు చుడుతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇవాళ పాతికమంది ముందు నా బిడ్డ నవ్వులపాలైంది."

"వస్తుందిలే అనుకున్నాను."

"ఎలా వస్తుంది, అన్నీ మీరే నోట్లో పెడుతుంటే? ఇకనుంచి మీరు చదవొద్దు. కథలు లేవు, ఏమీ లేవు. దానంతటది చదివితే చదువుతుంది, లేకపోతే లేదు."

భర్త యసుహిరో గడపలో నిలబడ్డాడు. మెత్తని మనిషి, అమ్మకీ పెళ్ళానికీ మధ్య మాటొస్తే సోయా గింజలు కడిగే పని గుర్తొస్తుంది అతనికి. ఈసారి మాత్రం కదల్లేదు. "సనాయె, అమ్మని అలా—"

"ఉండరా, నన్ను చెప్పనీ," అంది కినుయె. "అది అడిగినదాంట్లో తప్పేం లేదు. నేను కావాలనే చెప్పలేదు."

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

"వీడికి ఆరేళ్ళకి చదవడం వచ్చింది," అంది కినుయె కొడుకుని చూపిస్తూ. "అంతకుముందు రోజూ నా ఒళ్ళో పడుకుని వినేవాడు. వచ్చిన రోజు పుస్తకం పట్టుకుని పరుపులు దాచే అలమరలోకి దూరి తలుపు వేసుకున్నాడు. మళ్ళీ నా పక్కకి రాలేదు. మీ మామగారికి మాటలు తక్కువ, టోఫుతో సరి. పగలంతా పని చేసుకున్నా ఆ ఒక్క గంట కోసం బతికేదాన్ని నేను. అది పోయింది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఈ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. దీనికీ చదవడం వస్తే ఇదీ పోతుంది కదా అనిపించింది. ఇంకో నాలుగు రోజులు, ఇంకో నాలుగు రోజులు అనుకుంటూ..."

ఆవిడ మాట పూర్తి చేయలేకపోయింది. కళ్ళు ఒత్తుకుంది.

"నాకు చదవడం వచ్చిందని నువ్వు సంతోషపడ్డావనుకున్నానమ్మా," అన్నాడు యసుహిరో.

"సంతోషపడ్డాన్రా. ఏడుపూ వచ్చింది."

అప్పుడు వెనక తలుపు దగ్గర ఏదో కదిలింది. ఖాళీ గిన్నె పట్టుకుని వకనా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. నేరుగా నానమ్మ దగ్గరికి వచ్చి, ఆవిడ చేతిలో గిన్నె పెట్టింది.

"నేను నేర్చుకోనులే నానమ్మా. నువ్వు ఏడవకు. నువ్వే చదువు."

కోడలు అరిచినప్పుడు కలగని నొప్పి కినుయెకి ఆ చిన్న మాటతో కలిగింది. తన కోసం పిల్ల చదువే మానుకుంటానంటోంది. అది తన మీద ప్రేమే, కానీ ఆ ప్రేమని తాను ఎలా వాడుకుందో ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మూడు రోజులు ఆ ఇంట్లో పుస్తకం తెరుచుకోలేదు. సనాయె పట్టుదలగా పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ చదివించింది. వకనా రెండు వాక్యాలు చదివి, మూడో దానికి ఆవులించి, నాలుగో దానికి ఏడ్చింది. సనాయెకీ ఏడుపొచ్చింది. ఇలా అయితే కథలంటే ఉన్న ఇష్టం కూడా పోతుందని ఆమెకి తెలుసు. ఇంకేం చేయాలో తెలియదు.

నాలుగో రోజు పొద్దున్న కినుయె దుకాణంలోకి వచ్చి కోడలి పక్కన నిలబడింది. టోఫు కోయడానికి సాయం పట్టింది. కాసేపటికి అంది, "ఈ చలికాలం నాకివ్వు సనాయె. నేను పాడు చేశాను, నేనే బాగు చేస్తాను."

"ఎలా చేస్తారు?"

"బళ్ళో చేసినట్టే. సున్నా దాకా అది చదవాలి, తరవాతి సున్నా దాకా నేను. దానికి అర్థమయ్యే కథే, కానీ నేను ఎప్పుడూ చదివి వినిపించనిది. నాకు కూడా తెలియనిది."

"అది ఆగిపోతే మీరు అందించేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

"అందించకుండా ఉండడానికి ఉపాయం ఉంది," అంది కినుయె. ఏమిటో చెప్పలేదు.

సనాయె కత్తి కడిగి పక్కన పెట్టింది. "సరే. కానీ ముద్ర మీరు కొట్టకూడదు. నేనూ ఊరికే కొట్టను. అది నిజంగా చదివిన రోజే కొడతాను," అంది.

కినుయె గ్రంథాలయానికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చింది. ఒక కొండ ఊళ్ళో ఉత్తరాలు పంచే అడవిపంది కథ. ఊళ్ళోవాళ్ళ చిరునామాలు చదవడం ఆ పందికి బద్ధకం, కవర్లు వాసన చూసి పంచుతుంది. ఒకరి ఉత్తరం ఇంకొకరికి పోతే ఎన్ని తగువులు రావాలి? వకనా మొదటి పేజీలోనే పకపకా నవ్వింది. నవ్వు ఆగగానే నానమ్మ పుస్తకం తన వైపు తోసింది.

"ఇప్పుడు నీ వాక్యం."

"నువ్వే చదువు."

"నా వాక్యం అయిపోయిందే. నీదో వాక్యం, నాదో వాక్యం. పంది ఎవరింటికి పోయిందో నీ వాక్యంలో ఉంది, నాకేం తెలుసు?"

వకనా మొహం ముడుచుకుంది. వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక మాట దగ్గర ఆగి నానమ్మ మొహం చూసింది. నానమ్మ చటుక్కున చప్పరించే సముద్రనాచు మిఠాయి బిళ్ళ పెద్దది ఒకటి నోట్లో వేసుకుంది. బుగ్గ ఉబ్బింది. అందించాలన్నా మాట రాదు. వకనా పదిసార్లు చూసింది, పదిసార్లూ ఉబ్బిన బుగ్గే కనిపించింది. చివరికి విసుక్కుని తనే కూడబలుక్కుని చదివింది. "పో...స్టు...మాస్టరు...గారి...అత్త...గారింటికి. అత్తగారింటికి నానమ్మా. ఆ ఉత్తరం వేరేవాళ్ళది కదా?"

"అయ్యో, కొంపలంటుకున్నాయి," అంది కినుయె బిళ్ళ బుగ్గలోకి నెట్టుకుని.

ఆ నెలలో ఆవిడ ఎన్ని బిళ్ళలు నమిలిందో లెక్క లేదు. పన్ను నొప్పి కూడా వచ్చింది. చెప్పడం కంటే ఆగడం ఎంత కష్టమో ఆవిడకి ఆ వయసులో తెలిసింది. పిల్ల తప్పు చదివితే నవ్వలేదు. తప్పు చదివితే పంది తప్పు గుమ్మంలోకి పోయేది, వకనా తనే అనుమానపడి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేది. ఒక వాక్యం రెండు వాక్యాలైంది. రెండు ఒక పేరా అయింది. రేకులు వేయిస్తూ గోడ అవతలి నుంచి వింటున్న సనాయె నెలాఖరున ఒక సాయంత్రం మంట తగ్గించి లోపలికి వచ్చింది. పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో కాదు, కళ్ళతో ఆ వరసల వెంట తానూ నడిచింది. ఆ రోజు అట్ట మీద ఒక్క సున్నానే చుట్టి ముద్ర కొట్టింది. ఆ ఒక్క సున్నా చూసుకుని వకనా మురిసినట్టు అంతకుముందు రెండేసి సున్నాలకి ఎప్పుడూ మురవలేదు.

ఫిబ్రవరిలో మంచు బాగా పడింది. యసుహిరో వీపు పట్టేసి పడుకుంటే, కినుయె ఇళ్ళకి టోఫు ఇచ్చి రావడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆలస్యమైంది. బూట్లకంటిన మంచు దులుపుకుంటూనే, "వస్తున్నా, వస్తున్నా, మన పంది ఎక్కడిదాకా వచ్చింది?" అంటూ లోపలికి వచ్చింది.

కొతత్సు దగ్గర ఎవరూ లేరు. లోపలి గదిలో కిటికీ పక్కన వకనా బోర్లా పడుకుని ఉంది. పెదవులు కూడా కదలడం లేదు. పేజీ తిప్పింది. అప్పుడు నానమ్మని చూసి తప్పు చేసినదానిలా లేచి కూర్చుంది.

"నువ్వు రాలేదు. పందిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టేస్తున్నారు. నేను ఆగలేకపోయాను నానమ్మా. ఇరవై పేజీలు అయిపోయాయి."

"ఇరవయ్యా?" అంది కినుయె. "ఎవరి సాయం లేకుండానే?"

"ఎవరూ లేరు కదా. ఇప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్దామా? నీ వాక్యం నువ్వు చదువుదువుగాని."

"వద్దమ్మా. పందికేమైందో చూసుకో. నాకు వంటింట్లో పనుంది."

వకనా ఒక్క క్షణం నానమ్మ మొహం చూసింది. అందులో ఏం కనిపించిందో తెలియదు గానీ, పంది పిలుపు ఎక్కువైనట్టుంది, మళ్ళీ బోర్లా పడుకుంది.

కినుయె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. సంతోషమే. తాను మొదలుపెట్టిన పనే, తన చేతుల మీదుగానే పూర్తయింది. కోడలికిచ్చిన మాట నిలబెట్టుకుంది. చేతులు తుడుచుకుని కొతత్సు దగ్గరికి వచ్చి, పక్కన ఖాళీగా ఉన్న మెత్త వంక చూస్తూ ఒక్కతే కూర్చుంది.

సనాయె మూకుడు దించి వచ్చి గడపలో ఆగింది. లోపలి గదిలో పిల్ల, ఇక్కడ అత్తగారు. విషయం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నవంబరులో ఈ మనిషి మీద తాను ఎంత కేకలేసిందో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఏప్రన్ విప్పి, వచ్చి ఆ ఖాళీ మెత్త మీద కూర్చుంది. కాళ్ళు దుప్పటి కింద పెట్టుకుంది.

"దుకాణంలో ఎవరున్నారు?" అంది కినుయె.

"మంచులో ఎవరొస్తారు? వస్తే పిలుస్తారు." సనాయె దుప్పటిని మోకాళ్ళ మీదికి లాక్కుంది. "అత్తయ్యా, మా అమ్మ చేపల డబ్బాల కర్మాగారంలో చేసేది. ఇంటికొచ్చేసరికి చేతులెత్తలేకపోయేది. నాకు ఎవరూ ఏదీ చదివి వినిపించలేదు. మీరు దీనికి చదువుతుంటే రోజూ గోడ అవతల నిలబడి వినేదాన్ని. మూకుడు ముందున్నా నా చెవి ఆ కథలోనే ఉండేది. కోపంలో అన్నీ అన్నాను గానీ, ఆ మూడు రోజులు మీ గొంతు లేకపోతే నాకే తోచలేదు."

కినుయె కళ్ళు నిండాయి. "ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ముప్ఫై ఆరేళ్ళదాన్ని, ఏమని అడగను?" సనాయె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇప్పుడు అడుగుతున్నాను. నాకు చదివి వినిపించండి."

కినుయె అలమరలోంచి తన పాత పుస్తకం ఒకటి తీసింది. కళ్ళజోడు తుడుచుకుంది, ఇంకోసారి తుడుచుకుంది. మొదటి పేజీ తెరిచి, ముసలి జాలరి గొంతు పెట్టి మొదలుపెట్టింది. పక్కింటి కుక్క మొరిగింది.

లోపలి గదిలోంచి వకనా గొంతు వినిపించింది. "నానమ్మా, కొంచెం మెల్లగా. ఇక్కడ నేను చదువుకుంటున్నాను."

కినుయె గొంతు బాగా తగ్గించింది. సరిగ్గా వినపడక సనాయె ఇంకొంచెం దగ్గరికి జరిగింది.